బండికి పర్మిట్ ఉంది, మరి డ్రైవరుకు?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్యాబ్ డ్రైవర్ల గురించే. ట్యాక్సీ నడిపేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం విడిగా లైసెన్సు ఇవ్వాలా, మామూలు డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుందా అని ఎక్కేవాళ్లూ అడిగారు, నడిపేవాళ్లూ అడిగారు. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్ల పేర్లతోనే వేస్తున్నాం.

ప్రశ్న: నైట్ షిఫ్ట్ అయ్యాక గచ్చిబౌలి నుంచి ఇంటికి క్యాబ్‌లోనే వస్తాను. పోయిన నెల ఒకరోజు యాప్‌లో ఒక ఫొటో చూపించింది, బండి నంబరు సరిపోయింది, కానీ స్టీరింగ్ దగ్గర వేరే అబ్బాయి. అడిగితే "అది మా అన్న ఐడీ మేడమ్, అన్నకు జ్వరం" అన్నాడు. నేను ఎక్కలేదు. ఫిర్యాదు పెడితే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మెసేజ్ వచ్చింది, అంతే. ట్యాక్సీ నడపడానికి ప్రభుత్వం దగ్గర వేరే లైసెన్సు అంటూ ఏమీ ఉండదా? (కూకట్‌పల్లి)

జవాబు: ఉండేదమ్మా. ఇప్పుడు దాదాపు లేనట్టే.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాని ప్రకారం కిరాయికి తిప్పే బండి అంటే ట్రాన్స్‌పోర్ట్ వాహనం, దాన్ని నడపాలంటే మామూలు లైసెన్సు మీద ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి, దానికి ముందు కారు లైసెన్సు ఉండి కనీసం ఏడాది అయి ఉండాలి. డ్రైవర్ల బ్యాడ్జి, యూనిఫాం మీద నిబంధనలు చేసుకునే అధికారం కూడా ఆ చట్టం రాష్ట్రాలకే ఇచ్చింది. పాత ట్యాక్సీ డ్రైవర్లు ఖాకీ చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జి అదే. రాష్ట్ర స్థాయి లైసెన్సు ఏదో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు, ఉన్నదాన్నే మెల్లగా వదిలేశాం.

ఎలా వదిలేశామంటే, 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, కారు లైసెన్సు (ఎల్ఎంవీ) ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి కూడా నడపొచ్చు, వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు అని. దాన్ని పట్టుకుని 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు అదే చెప్పింది. 2019లో కమర్షియల్ డ్రైవర్లకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన తీసేశారు. చివరికి 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2017 నాటి మాటే ఖాయం చేసింది. అంటే ఇవాళ వీకెండ్‌కి సొంత కారులో శ్రీశైలం వెళ్లే వాళ్ల జేబులో ఉన్న లైసెన్సూ, అర్ధరాత్రి మిమ్మల్ని ఇంటి దగ్గర దింపే వాళ్ల జేబులో ఉన్న లైసెన్సూ ఒకటే.

ఈ తీర్పును తిట్టడానికి నాకు నోరు రాదు. అసలు గొడవ బీమా దగ్గర మొదలైంది. యాక్సిడెంట్‌లో మనిషి పోతే, డ్రైవరు లైసెన్సు మీద ట్రాన్స్‌పోర్ట్ ముద్ర లేదని బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టడానికి చూసేవి. కారు లైసెన్సుతో చిన్న కమర్షియల్ బండ్లు నడిపినందువల్ల ప్రమాదాలు పెరిగాయని చూపించే లెక్కలేవీ కంపెనీలు తేలేదని కోర్టు అన్నది. నిజమే. కానీ కోర్టు చూసింది స్టీరింగ్ తిప్పడం వచ్చా రాదా అన్న విషయం. మీ భయం అది కాదు కదా. ఆ అబ్బాయికి డ్రైవింగ్ బ్రహ్మాండంగా వచ్చి ఉండొచ్చు. అతను ఎవరు, ఏదైనా జరిగితే ఎక్కడ దొరుకుతాడు అన్నది మీ ప్రశ్న. దానికి ఇవాళ ప్రభుత్వం దగ్గర సమాధానం లేదు, కంపెనీ సర్వర్‌లో ఉంది. అది కూడా అన్న పేరు మీద ఉంది, తమ్ముడి పేరు మీద కాదు.

అందుకే నా మాట సూటిగా చెప్తాను, ఇవ్వాలి. కిరాయికి మనుషుల్ని తిప్పే ప్రతి డ్రైవరుకూ రాష్ట్ర రవాణా శాఖ ఒక కార్డు ఇవ్వాలి, ఫొటోతో, క్యూఆర్ కోడ్‌తో, సీటు వెనక కనిపించేలా. డ్రైవింగ్ పరీక్ష మళ్లీ పెట్టమనడం లేదు. మనిషిని గుర్తించమంటున్నాను.

ప్రశ్న: సార్, నేను ఓనర్ కమ్ డ్రైవర్ని. ఫిట్‌నెస్, పర్మిట్, క్వార్టర్లీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఇవన్నీ చూసుకుని, ఈఎంఐ కట్టి, మిగిలిన దాంతో ఇల్లు నడపాలి. ఇప్పుడు మళ్లీ ఇంకో కార్డంటే ఇంకో బ్రోకర్, ఇంకో రెండు మూడు వేలు. ఏసీ గదుల్లో కూర్చుని రాసేవాళ్లకు ఏం తెలుస్తుంది? (ఉప్పల్)

జవాబు: తిట్టు తిట్టావు గానీ అన్నా, నువ్వన్నదాంట్లో అబద్ధం లేదు. ఆర్టీఏ ఆఫీసు బయట జిరాక్స్ షాపు పక్కన టేబులేసుకున్న మనిషికి డబ్బులిస్తే ఒక రోజులో అయ్యే పని, మనంతట మనం వెళ్తే మూడుసార్లు "సర్వర్ డౌన్" అంటుంది. ఈ కార్డు కూడా ఆ టేబుల్ మీదికే చేరేట్టుంటే వద్దే వద్దు. లైసెన్సు రెన్యువల్‌తో పాటే అయిపోవాలి. ఫీజు డ్రైవరు నెత్తిన కాకుండా కంపెనీలు కట్టే లైసెన్సు ఫీజులోంచి రావాలి.

కానీ ఒక్క సంగతి ఆలోచించు. కార్డు ప్యాసింజర్ కోసమే అనుకుంటున్నావు, నన్నడిగితే అది ముందు నీకు అవసరం.

ఐడీ బ్లాక్ అయితే ఏమవుతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు, తక్కిన పాఠకుల కోసం రాస్తున్నాను. పొద్దున్నే బండి తుడిచి, ఫోన్ స్టాండ్‌లో పెట్టి ఆన్‌లైన్ అవుదామంటే "మీ అకౌంట్ సమీక్షలో ఉంది" అని వస్తుంది. ఎందుకో రాయదు. చాట్‌లో అడిగితే ఏం టైప్ చేసినా అదే జవాబు. ఆఫీసుకు వెళ్తే సెక్యూరిటీ గార్డు టోకెన్ ఇస్తాడు, లోపల కుర్రాడు "పైనుంచి బ్లాక్ అయింది బ్రో" అంటాడు. ఎవరో తాగి ఎక్కి, డబ్బులివ్వనని గొడవపడి, దిగాక ఒక్క స్టార్ ఇచ్చి ఏదో రాసి ఉంటారు. నీ మాట వినే నాథుడు ఉండడు. ఈలోపు అయిదో తారీఖు వస్తుంది, ఈఎంఐ కటవుతుంది.

అదే ప్రభుత్వం నీ లైసెన్సు రద్దు చేయాలంటే? చట్టంలో 19వ సెక్షన్ ఉంది. తాగుబోతు, అలవాటుపడ్డ నేరస్థుడు, బండిని నేరానికి వాడాడు లాంటి కారణాలు ఉండాలి, ముందు నీ వాదన వినాలి, కారణాలు కాగితం మీద రాయాలి, నచ్చకపోతే 30 రోజుల్లో నువ్వు అప్పీల్‌కు వెళ్లొచ్చు. లంచాలూ జాప్యాలూ ఉన్నాయి, కాదనను, కానీ అడగడానికి ఒక గది, ఒక అధికారి, ఒక గడువు ఉన్నాయి. నువ్వు డ్రైవరుగా పనికొస్తావా లేదా అని తేల్చే హక్కు కంపెనీ చేతిలో ఉంటే ఈ మూడూ ఉండవు. కర్ణాటక 2025లో గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా పని చేసేవాళ్ల) చట్టం చేసి, తీసేసే ముందు రాతపూర్వకంగా కారణం చెప్పాలని, 14 రోజుల నోటీసు ఇవ్వాలని పెట్టింది. అది కొంత నయం. రాష్ట్రం ఇచ్చిన కార్డు నీ దగ్గరుంటే ఒక యాప్ కాదంటే ఇంకో యాప్‌కు వెళ్తావు, లేదా స్టాండ్‌లో పెట్టుకుంటావు, నీ పాత రికార్డు నీతోనే వస్తుంది. ఇప్పుడు అయిదేళ్లు కష్టపడి తెచ్చుకున్న రేటింగ్ యాప్ మారగానే సున్నా కదా.

ఇంకోటి. డ్రైవర్ల జాబితా తయారు చేయడం ప్రభుత్వానికి చేతకాని పనేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాహనమిత్ర పేరుతో ఆటో, ట్యాక్సీ ఓనర్ డ్రైవర్లకు ఏడాదికి 10,000 ఇచ్చారు, 2025 అక్టోబరులో "ఆటో డ్రైవర్ల సేవలో" అని 15,000 ఇచ్చారు. డబ్బు వేయాల్సి వచ్చినప్పుడు పేరు, బండి నంబరు, లైసెన్సు, బ్యాంకు అకౌంటు అన్నీ చకచకా దొరికాయి. అయితే అందులో సొంత బండి ఉన్నవాళ్లే ఉంటారు. రోజు లీజుకు బండి తీసుకుని నడిపే తమ్ముళ్లు ఏ జాబితాలోనూ కనపడరు. గచ్చిబౌలిలో మన పాఠకురాలికి ఎదురైన అబ్బాయి కూడా అలా ఏ జాబితాలోనూ లేని మనిషే.

ప్రశ్న: కంపెనీలు ఎలాగూ పోలీస్ వెరిఫికేషన్ చేయిస్తున్నాయి కదా, మళ్లీ ప్రభుత్వ కార్డు దేనికి? మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతోంది, మాకు టెన్షన్‌గా ఉంటుంది. (హనుమకొండ)

జవాబు: వెరిఫికేషన్ కాగితం ఎంత గట్టిదో 2014 డిసెంబరులో ఢిల్లీలో తెలిసింది. ఉబర్ క్యాబ్‌లో ఒక యువతి మీద అత్యాచారం జరిగింది. ఆ డ్రైవరు మీద అంతకుముందే కేసులు ఉన్నాయని, అతని క్యారెక్టర్ సర్టిఫికెట్ నకిలీదని ఆ తర్వాత బయటపడింది. అతనికి 2015లో జీవిత ఖైదు పడింది. ఢిల్లీలో బండి తిప్పేటప్పుడు ఆ కేసుల సంగతి ఎవరూ చూసుకోలేదు, తెలుసుకునే బాధ్యత ఎవరిదో కూడా ఎవరూ తేల్చుకోలేదు.

ఆ తర్వాత చట్టం కొంత మారింది. 2019 సవరణతో యాప్ కంపెనీలకు "అగ్రిగేటర్" అని చట్టంలో చోటు దొరికింది, అవి రాష్ట్రం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. కేంద్రం 2020లో ఒకసారి, 2025 జులైలో మరోసారి మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్తవాటిలో డ్రైవర్లకు 40 గంటల శిక్షణ, 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా, సొంత బండి ఉంటే కిరాయిలో కనీసం 80 శాతం వాటా ఉన్నాయి. బాగానే ఉంది, కానీ అమలు రాష్ట్రాల చేతిలో ఉంది, పైగా ఇవన్నీ కంపెనీ చేయాల్సిన పనులు. లైసెన్సు కంపెనీకి, పర్మిట్ బండికి. మనిషి మాత్రం కంపెనీ ఫైల్లోనే ఉంటాడు.

అసలు లోపం ఏమిటంటే వెరిఫికేషన్ ఆ ఒక్కరోజు చేసేది. చేరిన రోజు శుభ్రంగా ఉన్నాడు. ఆర్నెల్ల తర్వాత ఇంకో జిల్లాలో కేసయింది. ఆ స్టేషన్ వాళ్లకు ఇతను క్యాబ్ నడుపుతాడని తెలియదు, తెలిసినా ఆర్టీఏకు చెప్పాలని ఏ ఎస్సైకి తోస్తుంది? కార్డు నంబరు పోలీసు రికార్డుకు కలిపి ఉంటే ఎఫ్ఐఆర్ ఎక్కిన రోజే రవాణా శాఖ కంప్యూటర్‌కు కబురు పోతుంది. అయితే ఎఫ్ఐఆర్ పడగానే కార్డు పీకేయకూడదు, తప్పుడు కేసులు మన దగ్గర కొత్త కాదు. వెంటనే విచారించి తేల్చాలి. లైసెన్సుల సమాచారానికి దేశమంతా "సారథి" అనే డేటాబేస్ ఉంటే తెలంగాణ చాలా ఏళ్లు దాని బయటే ఉండి తన సొంత సాఫ్ట్‌వేర్ నడుపుకుంది. ఇలాంటి గోడలుంటే కార్డులు ఎన్ని ఇచ్చినా దండగే.

ఇది కూడా గుర్తుపెట్టుకోండి. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్యాబ్ అనుకుని ఎక్కిన కారులో అత్యాచారానికి గురైంది, ఆ కేసులో ఇద్దరికి 20 ఏళ్ల శిక్ష పడింది. రోడ్డు మీద ఆగి "ఎక్కడికి మేడమ్" అని అడిగే తెల్ల ప్లేటు కారును ఏ లైసెన్సు పద్ధతీ ఆపలేదు. అమ్మాయికి చెప్పాల్సింది పసుపు ప్లేటు, బుక్ చేసిన నంబరు చూసుకుని ఎక్కమని.

ప్రశ్న: మాది విజయవాడ. రాష్ట్రం విడిపోక ముందు నుంచీ హైదరాబాద్‌లోనే క్యాబ్ నడుపుకుంటున్నాను. బండి ఏపీ నంబరు. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు అయిపోయిందని, ఏపీ బండ్లు వెళ్లిపోవాలని ఇక్కడి డ్రైవర్లు ఆపుతున్నారు. రాష్ట్ర స్థాయి లైసెన్సు అంటే మమ్మల్ని పూర్తిగా బయటికి పంపే ఏర్పాటే కదండీ? (ప్రస్తుతం ఎల్బీ నగర్)

జవాబు: మీ భయం న్యాయమైనదే, ఈ ఆలోచనలో నాకూ గుచ్చుకునే ముల్లు ఇదే.

ముందు రెండు సంగతులు విడదీద్దాం. డ్రైవింగ్ లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది, చట్టమే ఆ మాట అంటుంది. చెల్లనిది బండి పర్మిట్. పర్మిట్ ఒక రాష్ట్రానిది, ఇంకో రాష్ట్రంలో తిరగాలంటే కౌంటర్ సంతకమో, టూరిస్ట్ పర్మిటో ఉండాలి. టూరిస్ట్ పర్మిట్ మీద కోదాడ దాటి ప్యాసింజర్‌ను దింపడం వరకు ఎవరికీ పేచీ లేదు, అదే బండితో ఏడాది పొడవునా హైదరాబాద్‌లో లోకల్ గిరాకీ చేసుకుంటే మేం ఇక్కడ ట్యాక్స్ కట్టి ఏం లాభం అన్నది తెలంగాణ డ్రైవర్ల మాట. వాళ్ల కడుపు కూడా ఈ గిరాకీ మీదే. అట్లాగని రోడ్డు మీద బండి ఆపి తాళాలు లాక్కోవడం ఎవరి పనీ కాదు, అది రవాణా శాఖ చూసుకోవాలి. మీరు స్థిరంగా ఇక్కడే ఉంటే బండికి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని తెలంగాణ రిజిస్ట్రేషన్‌కు మార్చుకోవడమే దారి. లైఫ్ ట్యాక్సో, క్వార్టర్లీనో మళ్లీ భారం పడుతుందని తెలుసు. పదేళ్లు ఉమ్మడి రాజధాని అని చెప్పిన రెండు ప్రభుత్వాలూ కలిసి ఆ మార్పిడి వరకైనా రాయితీ ఇచ్చి ఉండాల్సింది, ఆ విషయం అడగాల్సింది మీ యూనియన్లే.

డ్రైవరు కార్డు విషయానికొస్తే, దాన్ని కంచెగా వాడుకునే బుద్ధి మన రాజకీయాల్లో ఎప్పుడూ ఉంటుంది. మహారాష్ట్రలో ఆటో పర్మిట్లకు మరాఠీ వచ్చి తీరాలని షరతు పెట్టారు, 2017లో బాంబే హైకోర్టు కొట్టేసింది. ఇక్కడ కూడా ఎవరో "లోకల్" అనే షరతు కలుపుతారు, చూస్తూ ఉండండి. కాబట్టి నేను అడిగే కార్డులో పుట్టిన ఊరు, ఓటరు కార్డు, స్థానికత ఏవీ ఉండకూడదు. విజయవాడలో ఇచ్చిన కార్డు హైదరాబాద్‌లో స్కాన్ చేస్తే చెల్లాలి, వరంగల్‌ది గుంటూరులో చెల్లాలి. ప్రమాణాలు ఒకటే ఉండాలి, ఇచ్చే చేయి రాష్ట్రానిది.

ప్రశ్న: నేను ఆస్టిన్‌లో ఉంటాను. ఇక్కడ సిటీ వేలిముద్రలు కావాలంటే స్టేట్ అడ్డం పడింది. "స్టేట్ లెవెల్" అనగానే మంచిదని ఎలా అనుకుంటున్నారు? (టెక్సస్)

జవాబు: మంచి పాయింట్ పట్టుకున్నారు. మన పాఠకులకు ఆ కథ క్లుప్తంగా చెప్తాను. ఆస్టిన్ నగర పాలక మండలి యాప్ డ్రైవర్లకు వేలిముద్రల తనిఖీ తప్పనిసరి చేసింది. ఉబర్, లిఫ్ట్ అనే రెండు క్యాబ్ యాప్ కంపెనీలు ఒప్పుకోక, ఆ నిబంధన మార్చాలని ఓటింగ్ పెట్టించి, ప్రచారానికి 80 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. 2016 మే 7న జనం వేలిముద్రల వైపే నిలిచారు. రెండు కంపెనీలూ ఊరు వదిలి వెళ్లిపోయాయి. ఏడాది తిరిగేసరికి టెక్సస్ శాసనసభ రాష్ట్రమంతటికీ ఒకే చట్టం చేసి నగరాల నిబంధనలను పక్కన పెట్టింది, వేలిముద్రలు అక్కర్లేదు, తనిఖీ కంపెనీలే చేసుకుంటాయి అంది. 2017 మే చివర గవర్నరు సంతకం కాగానే ఇద్దరూ తిరిగొచ్చారు.

అందుకని రాష్ట్రం అనే మాటలోనే మహత్యం ఏమీ లేదు. టెక్సస్ రాష్ట్రం లైసెన్సు ఇచ్చింది కంపెనీలకు, డ్రైవర్లను వాటికే వదిలేసింది. ఇంగ్లండ్‌లో దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ డ్రైవరుకు లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిల్. ఒక కౌన్సిల్‌లో కఠినంగా ఉంటే తేలిగ్గా, త్వరగా ఇచ్చే ఇంకో కౌన్సిల్‌లో తీసుకుని సొంత ఊళ్లోనే నడుపుకుంటారు. వుల్వర్‌హాంప్టన్ కౌన్సిల్ పేరు ఇందుకే దేశమంతా మోగిపోయింది. పిల్లల మీద ముఠాల లైంగిక నేరాల గురించి బ్రిటన్ ప్రభుత్వం వేయించగా 2025 జూన్‌లో వచ్చిన లూయీస్ కేసీ నివేదిక ఈ కన్నం పూడ్చమని గట్టిగా చెప్పింది. మరీ చిన్న స్థాయిలో ఇస్తే ఊరు మారి తప్పించుకుంటారు, పెద్ద స్థాయిలో ఇచ్చినా తనిఖీని కంపెనీకే అప్పగిస్తే కార్డు ఒట్టి ప్లాస్టిక్ ముక్క. మన దగ్గర జిల్లాకో పద్ధతి పెడితే రంగారెడ్డిలో కుదరకపోతే మేడ్చల్‌లో, అక్కడా కాకపోతే సంగారెడ్డిలో అన్నట్టు తయారవుతుంది. అందుకే రాష్ట్రం అంటున్నాను.

ప్రశ్న: బైక్ ట్యాక్సీల సంగతేంటి? (కాకినాడ)

జవాబు: 2025 మార్గదర్శకాలు తెల్ల ప్లేటు బైకులను కూడా అనుమతించే వీలు రాష్ట్రాలకు ఇచ్చాయి, ఒప్పుకోవాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. ఒప్పుకున్న చోట కారు డ్రైవరుకు అడిగిన కార్డే బైకు కుర్రాడికీ అడగాలి. కాలేజీ అయ్యాక రెండు గంటలు నడిపే పిల్లలకు ఇది మరీ ఎక్కువ అంటారు కొందరు. వెనక కూర్చునే మనిషికి మాత్రం రెండు గంటల పిల్లాడా, పన్నెండు గంటల డ్రైవరా అన్న తేడా ఏమీ ఉండదు.

ప్రశ్న: కార్డులు వచ్చేదాకా మేమేం చేయాలి? ఫొటోలో ఒకరు, బండిలో ఒకరు ఉంటే? (చాలామంది)

జవాబు: ఎక్కొద్దు. మొహమాటపడొద్దు, "అన్నకు జ్వరం" నిజమే అయినా సరే. యాప్‌లో ఫొటో, బండి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే క్యాన్సిల్ చేయండి, కారణం దగ్గర "డ్రైవర్ వేరు" అనేదే నొక్కండి, "ప్లాన్ మారింది" అని నొక్కితే డబ్బు కటవడమే కాక రికార్డులో తప్పు మీదవుతుంది. అప్పటికే ఎక్కేసి ఉంటే ప్రయాణం వివరాలు ఇంట్లో వాళ్లకు షేర్ చేయండి, అనుమానంగా ఉంటే 100కో 112కో ఫోన్ చేయండి. తెలంగాణలో మహిళల కోసం పోలీసులు 2024లో మొదలుపెట్టిన టీ-సేఫ్ అనే సేవ ఉంది, మీ ప్రయాణం ఇల్లు చేరేదాకా వాళ్లు గమనిస్తారు. కంపెనీ నుంచి ఆ "చింతిస్తున్నాం" మెసేజ్ వస్తే అక్కడితో వదిలేయకుండా స్క్రీన్‌షాట్ జత చేసి, బండి నంబరు వేసి, మీ జిల్లా రవాణా అధికారికి ఒక ఫిర్యాదు రాయండి. కంపెనీకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే కాబట్టి దాని రెన్యువల్ వేళకు ఇలాంటి కాగితాలు ఫైల్లో ఉండాలి.